మా అప్ప అడ్డపొగ

నేను సిగరెట్ మానేసినప్పుడు నన్ను మెచ్చుకోనివాళ్లు లేరు. మా అప్ప చుట్ట మానాలని మాత్రం ఒక్కరూ అనలేదు. ఆ అననివాళ్లలో మొదటివాణ్ని నేను. ఆమె పోయి రెండేళ్లయింది. ఇప్పటికీ ఎవరైనా నా భుజం తట్టి "నువ్వు మానీసేవంటే గొప్పే బావా" అంటే ఒళ్లు మండుతుంది.

అప్ప అంటే మా అక్క. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. ఎస్. రాయవరం దగ్గర పల్లెలో చెరకు పండించే ఇంటికిచ్చి పెళ్లి చేశారు. పిల్లలు పుట్టలేదు. మొగుడు పోయాక అనకాపల్లిలో మా ఇంటికి వచ్చేసింది. ఇరవై ఏళ్లపాటు మా వంటిల్లు ఆమెదే. నా కూతురికి అన్నం కలిపి పెట్టింది, జడ వేసింది, జ్వరాలొస్తే పక్కన కూర్చుంది. ఇవన్నీ చుట్ట నోట్లో పెట్టుకునే చేసింది.

అది అడ్డపొగ. వెలిగించిన చుట్టని, నిప్పున్న కొస నోటి లోపలికి పెట్టుకుని, పెదాలు మూసి పీలుస్తారు. మా వైపు పల్లెల్లో ఆడవాళ్లకి మామూలే. గాలికి ఆరిపోదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. అప్ప కొత్త కోడలిగా ఉన్న రోజుల్లో, చెరకు పాలు కాగే పొయ్యి దగ్గర పంటి పోటుతో ఏడుస్తుంటే, అత్తగారే వెలిగించిన చుట్ట నోట్లో పెట్టిందట. పన్ను పోటు తగ్గింది, చుట్ట ఉండిపోయింది.

ఇక నా సంగతి. బెల్లం మార్కెట్లో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాని. రోజుకి రెండు పెట్టెలు ఊదేవాణ్ని. ఒక చలికాలం దగ్గు పట్టుకుని వదల్లేదు. మా ఆవిడ ఏడ్చి, తిట్టి, డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. అప్ప కూడా తోడు వచ్చింది. నా ఎక్స్‌రే కవరు నలగకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

డాక్టరు నన్ను తిట్టాల్సినంతా తిట్టి, చివర్లో అడిగాడు. "ఇంట్లో ఇంకెవరైనా పొగ తాగుతారా?"

"లేదండీ, నేనొక్కణ్నే," అన్నాను.

మా ఆవిడ అవునని తలూపింది. అప్ప అయితే నొచ్చుకుంది కూడా. "మేం ఆడోళ్లం బాబూ, మాకేటి అలవాట్లుంటాయి?" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె బొడ్లో నాలుగు చుట్టలూ ఒక అగ్గిపెట్టే ఉన్నాయి.

మేం ఎవరం అబద్ధమాడలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా కడుపు మండేది అందుకే. పొగ తాగడమంటే మా లెక్కలో సిగరెట్, బీడీ, మగాడు. అప్ప చుట్ట ఆ లెక్కలోకి వస్తుందని మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. తాంబూలం వేసుకోవడంలాంటిదే అదీ అనుకున్నాం. చదువుకున్నవాణ్ని, నాకైనా తట్టాలి కదా. తట్టలేదు.

ఆ రోజు నుంచి నా చుట్టూ పెద్ద సంబరం మొదలైంది. నా కూతురు గోడ మీది క్యాలెండర్లో, సిగరెట్ లేని ప్రతి రోజుకీ ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టేది. మార్కెట్ ఎదురుగా టీ కొట్టాయన, వరసకి నన్ను బావ అంటాడు, పదిమందిలో కేకేసి చెప్పాడు. "బావా, నువ్వు కాళ్లట్టుకున్నా నా కొట్లో నీకు సిగరెట్టివ్వను. ఎవులి సేతైనా కొనిపించేవో, ఆడి తాట తీసేత్తాను." అందరూ నవ్వారు. హమాలీలు కూడా నన్ను చూస్తే బీడీ వెనక్కి దాచేవారు. చిన్నపిల్లాడికి నడక నేర్పుతున్నట్టు ఊరంతా నన్ను పట్టుకుని నడిపించింది.

అందరికంటే ఎక్కువ నడిపించింది అప్పే. భోజనం అయ్యాక ప్రాణం లాగేసే ఆ పది నిమిషాల్లో, బెల్లం ముక్కకి సొంఠి పొడి అద్ది నా చేతిలో పెట్టేది. చుట్ట తీయకుండానే, నోటి పక్కనుంచి మాట్లాడేది. "ఇది సప్పరించు తమ్ముడా. ఆ యావ ఇప్పుడే పోద్ది." రెండుసార్లు తప్పాను. రెండోసారి మా ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. అప్ప మాత్రం పెరట్లోకి పిలిచి, "పోన్లేరా, ఒక్కటే కదా కాల్సేవు. రేపట్నుంచి మళ్లీ మానీ. నీకు సేతవుద్ది," అంది. ఆ మాటతో పాటు ఆమె ముక్కులోంచి పొగ వచ్చింది. నాకది కనిపించింది. కనిపించినా ఏమీ అనిపించలేదు.

ఇంకా సిగ్గు లేని సంగతి ఒకటుంది. ఆమె చుట్టల కట్ట తెచ్చేది నేనే. సిగరెట్ మానాక కూడా ప్రతి శనివారం చుట్టల కొట్టుకి వెళ్లి, పొగాకు వాసన మధ్య నిలబడి, మెత్తగా చుట్టినవి ఏరి తెచ్చేవాణ్ని. అక్కడికెళ్లినా మనసు చలించలేదని మార్కెట్లో గొప్పగా చెప్పుకున్నాను. శభాష్ అన్నారు. ఎనిమిది నెలలు నిండాక కొట్ల వాళ్లందరూ కలిసి శాలువా కప్పారు. అప్ప, వెనక బెంచీ మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సంతోషంతోనే.

అప్పటికే ఆమె పులుసు తినడం మానేసింది. "నోరు మంటగుంతంది," అనేది. వేడి చేసిందన్నాం. మజ్జిగ తాగమన్నాం. పచ్చడి, ఆవకాయ ఒక్కొక్కటీ ఆమె కంచంలోంచి తప్పుకున్నాయి. మేం చూస్తూనే తిన్నాం. చదువుకి బయటికెళ్లి సెలవులకి వచ్చిన నా కూతురు ఒకరోజు బలవంతంగా నోరు తెరిపించి, ఫోన్ లైటు వేసి చూసి, నన్ను పిలిచింది. అంగిలంతా తెల్లగా ఉంది. మధ్యలో రూపాయి బిళ్లంత పుండు.

విశాఖపట్నం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చూసి, "ఎన్నేళ్ల నుంచి అడ్డపొగ?" అంది. పొగ తాగుతారా అని అడగలేదు. ఆమె మా వైపు మనిషే అయ్యుండాలి. నలభై ఏళ్ల పైమాటే అని చెప్పాను. ఆమె నన్ను తిట్టనైనా లేదు. ముక్క తీసి పరీక్షకి పంపింది, చుట్ట ఇక ముట్టుకోవద్దని అప్పకి చెప్పింది.

ఆసుపత్రి మెట్ల మీదే అప్ప బొడ్లోంచి చుట్టలు, అగ్గిపెట్టె తీసి నా చేతిలో పెట్టింది. "పారీ," అంది. అంతే. మళ్లీ ముట్టుకోలేదు. సొంఠి అడగలేదు, బెల్లం అడగలేదు, ఎవరి మీదా చిరాకు పడలేదు. నేను మానడానికి ఒక ఊరు కావలసి వచ్చింది. ఆమె ఒక్క పూటలో మానేసింది. క్యాలెండర్ మీద గుర్తు పెట్టాలని నాతో సహా ఎవరికీ గుర్తు రాలేదు.

పుండు క్యాన్సరని తేలింది. ఆపరేషన్‌కి చేర్చుకున్న నాలుగో రోజు పొద్దున్న, అదింకా కాకముందే, వార్డులో ఆమెకి జావ పడుతున్నాను. ఉండబట్టలేక అడిగేశాను. నా గొంతులో కోపమే ఉంది, ఆమె మీద పెట్టుకోవడానికి ఏ హక్కూ లేని కోపం.

"ఇంత సులువుగా మానగలిగినదానివి, ముందే ఎందుకు మాన్లేదప్పా?"

ఆమె గుక్క మింగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"నన్నెవులైనా మానీమన్నారేటి తమ్ముడా?"

దెప్పి అనలేదు. ఎవరో అనే ఉంటారు, తనే మరిచిపోయిందేమో అన్నట్టు, నా మొహంలోకి చూసి అడిగింది.