మదీనా దారిలో దర్జీ యూసుఫ్

మక్కాకు ఉమ్రా యాత్ర పోదామని మా బావమరిది మస్తాన్ రెండేళ్లుగా పోరుతుంటే, చివరికి సెలవు పెట్టి ఒక బుధవారం సాయంత్రం నాలుగింటికి, సౌదీలో మేముండే దమ్మామ్‌లో బస్సెక్కాం. మక్కాలో ఉమ్రా ముగించుకుని, శుక్రవారం నమాజయ్యాక రెండున్నరకు మదీనా బస్సు పట్టుకున్నాం.

మస్తాన్ దమ్మామ్ పక్కనే ఖోబర్‌లో డ్రైవరు. వేరేవాళ్లు బండి నడిపితే చాలు, కూర్చున్నచోటే నిద్రపోతాడు. గంట గడిచాక బస్సు డ్రైవరు ఏదో చప్పుడు విని, పక్కకు ఆపి, ఇంజను కట్టేశాడు. చప్పుడు ఆగలేదు. వెనక్కి నడిచొచ్చి మస్తాన్‌ను చూశాడు.

“ఇంజన్ ఠీక్ హై. ఆద్మీ ఖరాబ్ హై.”

హిందీ రాకపోయినా, మస్తాన్ గురక విని ముందు సీట్లోని ఇద్దరు ముసలివాళ్లు కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. రువాండా నుంచి ఉమ్రాకు వచ్చారు. ఒకాయన దర్జీ యూసుఫ్, రెండో ఆయన ఇద్రీస్.

“నా గురక ఎనిమిదిమంది ప్రాణాల మీదికి తెచ్చింది,” అన్నాడు ఇద్రీస్ ఇంగ్లీషులో.

1994లో వాళ్ల దేశంలో తుట్సీ తెగవాళ్లను ఊచకోత కోస్తున్న రోజుల్లో, ఇద్రీస్‌తో సహా ఎనిమిదిమందిని యూసుఫ్ తన ఒంటిగది ఇంట్లో అటకమీద దాచాడట. రాత్రిళ్లు భయంతో మేలుకుని వాళ్లు పగలు పడుకునేవారు. ఇద్రీస్ గురక వినపడకుండా యూసుఫ్ మిషను తొక్కుతూనే ఉండేవాడు. గుడ్డ అయిపోతే కుట్టిందే విప్పి మళ్లీ కుట్టేవాడు.

యూసుఫ్ సొంత అన్న హంతకులతో కలిసి, వాళ్లకు తుట్సీల ఇళ్లు చూపించేవాడు. ఒకనాడు కత్తితో వచ్చాడు.

“ఊరంతా చస్తుంటే బట్టలెవరికి కుడుతున్నావు?”

“నీకే అన్నా,” అని యూసుఫ్ చేతిలోని ప్యాంటు ఇచ్చాడు.

అన్న తొడుక్కున్నాడు. అనుమానం తీరక అటక నిచ్చెనమీద కాలు పెట్టాడు. ప్యాంటు వెనక నిలువునా చిరిగింది. వాకిట్లో ఉన్న అతని మనుషులే పకపకా నవ్వారు. సిగ్గుతో వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే యూసుఫ్ ఎనిమిదిమందినీ వేరేచోటికి చేర్చాడు.

అప్పటికి మస్తాన్ లేచి అంతా వింటున్నాడు. “కావాల్నే బిగుతుగా కుట్టినాడేమో అడుగు బావా,” అన్నాడు. అడిగాను.

యూసుఫ్ నొచ్చుకున్నాడు. “నా కొలత ఎప్పుడూ తప్పలేదు. చచ్చినవాళ్ల పశువుల్ని కోసుకు తిని మా అన్నే ఒళ్లు చేశాడు.”

ఆ మాటకు ఇద్రీస్ నవ్వు ఆగిపోయింది. యూసుఫ్ చేయి పట్టుకున్నాడు. ఎనిమిదింటికి మదీనాలో దిగి విడిపోయాం.

ఆదివారం దమ్మామ్ బస్సులో మస్తాన్ నిద్రపోలేదు. రియాద్ దగ్గరపడుతుండగా అడిగాడు.

“మన రూముకు అట్లా ప్రాణభయంతో ఎవరన్నా వస్తే ఏం చేస్తాము బావా?”

“మనకుండేది ఒక గదే కదరా.”

“ఆయనకూ ఒకటే గది.”