నిమ్మకాయ దాటిన బండి

తొంభై రెండో సంవత్సరం వేసవిలో నన్ను గని మీది డ్యూటీ నుంచి తప్పించి, బళ్లారిలో కంపెనీ ఆఫీసర్ల క్లబ్బుకు వేశారు. హోదా మారలేదు, జీపు డ్రైవర్నే. సార్లను తీసుకురావడం, వాళ్ల ఆట ముగిసేదాకా కాచుకుని ఉండటం నా పని. కాచుకోవడానికి క్లబ్బు వెనక డ్రైవర్లకొక గది ఉండేది. అందులో ఒక ఫ్యాను, ఒక కడవ, రెండు నులకమంచాలు. బళ్లారి ఎండ తెలిసినవాళ్లకు ఆ ఫ్యాను విలువ చెప్పనక్కర్లేదు.

ఆ రోజుల్లో సార్లకు రేడియో కార్ల పిచ్చి పట్టింది. మూరెడు పొడవుండే కారు. చేతిలో పెట్టె పట్టుకుని దూరం నుంచే తిప్పుతారు. వేరే క్లబ్బుల కార్లతో పందెం. అదీ నున్నటి రోడ్డు మీద కాదు, గుంతలూ మిట్టలూ ఉన్న చేలో. కిందటిసారి మా క్లబ్బు కారు మొదటి గుంతలోనే బోర్లాపడితే మేం డ్రైవర్లం నవ్వాం. ఆ నవ్వు మేనేజరు సారు చెవిన పడింది. అంతకు ముందే క్లబ్బు సెక్రటరీ సారుకు మా గది మీద కన్నుంది. కార్ల బ్యాటరీలు ఛార్జి చేసుకోవడానికి దాన్ని ఇమ్మని అడుగుతున్నారు. మేనేజరు సారు రెండు తగాదాలకూ కలిపి ఒకటే తీర్పు చెప్పారు. ఈసారి కారును నవ్వినవాళ్లే ఎన్నుకోవాలి. అది పందెం పూర్తి చేసి గీత దాటితే గది డ్రైవర్లది. మధ్యలో ఆగితే సెక్రటరీది.

కౌల్ బజార్‌లో ఆటవస్తువుల అంగడి ఉన్న శెట్టిగారు బెంగుళూరు నుంచి రెండు కార్లు తెప్పించారు. ఒకటి తేలికైనది, నేలకు దగ్గరగా ఉంటుంది, వెనక చక్రాలు మాత్రమే లాగుతాయి. రెండోది ఎత్తు, బరువు, నాలుగు చక్రాలూ లాగుతాయి. వేగం కావాలంటే మొదటిదే అన్నారు సెక్రటరీ సారు. నేను ట్రయలు వేద్దామన్నాను.

మాలో పెద్దవాడు ఓబులేశప్ప, గనిలో డంపరు నడిపి వచ్చినవాడు, అడ్డం పడ్డాడు. "పూజ కాని బండికి ట్రయలేందప్పా?" అన్నాడు. కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వాటిని తొక్కించాకే షెడ్డు దాటించడం మా ఆచారం. సరేనని రెండు కార్లకూ పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఒక్కో చక్రం ముందు ఒక్కో నిమ్మకాయ ఉంచాం. చక్రం ఎత్తులో ఇంచుమించు సగముంది కాయ.

తేలిక కారు కాయల్ని గుద్దుకుని అక్కడే నిలబడింది. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి గానీ కాయకు గీత కూడా పడలేదు. బరువు కారు ముక్కు పైకెత్తి, గుర్రుమని ఒక్కో కాయా ఎక్కి దిగింది. బాగా మాగిన కాయ ఒకటి చిట్లింది కూడా.

"చూస్తిరా! అదేమో కాయకే బెదురుతాండాది. గుంత యాడ దాటుతాది?" అన్నాడు ఓబులేశప్ప.

"రేసల్లి నింబెకాయి ఎల్లిదె మారాయా?" అని సెక్రటరీ సారు కన్నడంలో విసుక్కున్నారు. పందెంలో నిమ్మకాయలెక్కడివని ఆయన బాధ.

"రాళ్లుండవా సార్? రాయి నిమ్మకాయ కంటే మెత్తగుంటాదా?"

బరువు కారే ఖాయమైంది.

పందెం మోక రోడ్డు పక్కన ఒక బీడు చేలో పెట్టారు. నల్లరేగడి నేల. ముందు రోజు వాన పడింది. వాన సంగతి మా పూజలో రాలేదు. పెట్టె పట్టుకుని కారు నడిపేది సెక్రటరీ సారే. గెలిస్తే పరువు, ఆగితే గది. పాపం, ఆ పూట ఆయనకు ఏం కోరుకోవాలో తెలియలేదు.

మలుపుల దగ్గర మా డ్రైవర్లను మార్షళ్లుగా నిలబెట్టారు. బోర్లాపడిన కారును తిప్పి పెట్టడం వరకే మార్షలు పని, తోయకూడదు. ఆఖరి చుట్టులో మా కారు చక్రాలకు బంకమన్ను పట్టి నాలుగూ రాగిముద్దలైపోయాయి. ఓబులేశప్ప ముందరే ఆగింది. ఎండకు తల మీద కప్పుకున్న గోనెపట్ట తీసి, దిగబడిన డంపరుకు వేసినట్టు చక్రాల ముందు పరిచాడు. కారు పట్టు దొరికించుకుని బయటపడింది. పట్ట కొస వెనక చక్రానికి చుట్టుకుని తోకలా వెంట వచ్చింది.

అవతలి క్లబ్బువాళ్లు గోల చేశారు. అంపైరు అడిగారు, కారు ముట్టినావా అని.

"లేదు సార్. చేను ముట్టినా. చేను ముట్టకూడదని ఎవురూ చెప్పల్యా."

రూల్సులో గోనెపట్ట మాట లేదు. ఒప్పుకోక తప్పలేదు. మొదట వచ్చింది అవతలివాళ్ల కారు. మాది అందరికంటే వెనక వచ్చి, గీత దాటి, బ్యాటరీ అయిపోయి ఆగింది. పట్ట సగం ఇంకా గీతకు ఇవతలే ఉంది. పూర్తిగా దాటలేదని సెక్రటరీ సారు వాదించారు. మేనేజరు సారు వంగి చూసి, పందెం కారుకా, గోనెకా అని అడిగారు. గది మాకే ఉండిపోయింది.

ఆ తర్వాత కంపెనీ కోసం ఎన్నో బండ్లు చూసి ఎంచాను. ఎంత వేగం పోతుందని అందరూ అడుగుతారు. అది దిగబడే చోట ఎవరుంటారు, వాళ్లను ఏం చేయనిస్తారు అన్నది నేను ముందుగా అడిగేవాణ్ణి.