అమ్మ మోకాళ్ళూ, నాయనమ్మ కుండా

మా అమ్మ మోకాళ్ళ గురించి మా వీధిలో సలహా ఇవ్వని మనిషి లేరు. ఉప్పు మూటతో కాపడం పెట్టమని ఒకరు, నల్లేరు పచ్చడి తినమని ఒకరు, చేమదుంపా శనగపప్పూ వాతం చేస్తాయి కాబట్టి వాటి మొహం చూడొద్దని ఇంకొకరు. రావులపాలెం బస్టాండులో మైకు పెట్టి అమ్మే ఆకుపచ్చ నూనె సీసా కూడా మా ఇంటికొచ్చింది. దాంతో నొప్పి ఎంత తగ్గిందో తెలీదు గానీ, దుప్పట్లకి అంటిన ఆకుపచ్చ మరకలు మాత్రం ఎంత ఉతికినా పోలేదు. నల్లేరు కాడలు సరిగ్గా వేగక నాకూ నాన్నకీ నాలికలు దురద పెట్టాయి. అమ్మకి ఏమీ కాలేదు. ఎందుకంటే ఆవిడ రుచి చూడమని ముందు మాకు పెట్టి, మా మొహాలు చూసి ఊరుకుంది.

ఇది తొంభైల చివరి మాట. మాది ఆత్రేయపురం. అమ్మ పూతరేకులు తీసేది. ఈ పని ఎప్పుడూ చూడనివాళ్ళకి చెప్పాలి. కుండని పక్కకి ఒరిగించి, దాని వెడల్పాటి మూతి ఒక పక్కకి వచ్చేలా పొయ్యి కడతారు. అందులోంచి ఎండు కొబ్బరాకులు ఎగదోస్తూ మంట పెడతారు. పల్చగా రుబ్బిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కాలిన కుండ వీపు మీద ఒక్కసారి లాగితే, రెప్పపాటులో పొర కడుతుంది. దాన్ని చిరగకుండా ఒలిచి పక్కన పెట్టాలి. ఇదంతా నేలకి ఆనించిన పీట మీద, ఒక కాలు మడిచి ఇంకో మోకాలు పైకి పెట్టి, పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నం దాకా. అమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచీ అలాగే కూర్చుంది.

ఆ కుండ కాలం చేసిన మా నాయనమ్మది. చూపు మందగించాక ఆవిడ దాన్ని అమ్మ చేతికి అప్పజెప్పింది. అత్తగారి నగలు వేసుకుని మురిసిపోయే కోడళ్ళని చూశాను గానీ, మా అమ్మ మురిపెం మాత్రం ఆ నల్లటి కుండ మీదే. ఎన్నేళ్ళుగానో పూత పడీ పడీ అద్దంలా నున్నబడింది. దాని మీద ఎవరూ తడి చెయ్యి వెయ్యకూడదు, నూనె చెయ్యి అసలే వెయ్యకూడదు. పూతరేకు పక్కన ఏ వాసన ఉంటే ఆ వాసన పట్టేస్తుంది. అందుకే పని అయ్యేదాకా అమ్మ తల్లో పువ్వులు కూడా పెట్టుకునేది కాదు. ఈ నియమాలు మా ఇంట్లో అక్షరాలకంటే ముందు నేర్పేవారు.

దాంతో మందులకి వచ్చిన చిక్కు ఇంతా అంతా కాదు. నొప్పి వచ్చేది పొద్దున్న, బామ్ రాసుకోవాల్సిందీ అప్పుడే. రాసుకుంటే రేకులకి బామ్ వాసన. పెళ్ళిళ్ళ వాళ్ళకి బామ్ వాసన రేకులు ఎలా ఇస్తాం? అందుకని అమ్మ పళ్ళబిగువున పని చేసి, సాయంత్రం స్నానం చేశాకే మందు వాడేది. ఇక పని ముగిసి పీట మీంచి లేవడం అంటే అదొక పెద్ద కార్యక్రమం. ముందు కుడిచెయ్యి గోడకి, తర్వాత ఎడమచెయ్యి నా భుజానికి, ఆ తర్వాత దేవుళ్ళందరికీ పేరుపేరునా పిలుపు. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. ఆ బరువు భుజం మీద పడినప్పుడల్లా నవ్వుతూనే ఉండేదాన్ని గానీ, లోపల భయంగా ఉండేది.

చివరికి రావులపాలెం తీసుకెళ్ళి చూపిస్తే, డాక్టరు గారు మాత్రలు రాసిచ్చి, అసలు మాట చివర్లో చెప్పారు.

"నేల మీద కూర్చోవడం మానెయ్యాలమ్మా. ఇలాగే కూర్చుంటే కొన్నాళ్ళకి అసలు లేవలేరు."

అమ్మ బుద్ధిగా తల ఊపింది. బస్సెక్కాక మాత్రం, "ఆయనకేం, కుర్చీలో కూర్చుని ఎన్నైనా చెప్తారు," అంది. కాసేపటికి కిటికీలోంచి కాలవకేసి చూస్తూ, నాతో కాదన్నట్టుగా, "రేకు తియ్యకపోతే ఇంక నేనెందుకు?" అంది. ఆవిడ గొంతు అలా వినడం నాకు అదే మొదలు. నాన్న ముందు సీట్లో ఉన్నారు. విన్నారో లేదో వెనక్కి తిరగలేదు.

నాన్న ఏటి మధ్య లంకలో అరటితోట చూసుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరేవారు. మర్నాడు తోటకి వెళ్ళడం మానేసి, వసారాలో ఇటుకలతో నడుమెత్తు అరుగు కట్టారు. దాని మీద పొయ్యి, ముందు ఒక స్టూలు. ఇక కుర్చీలో డాక్టరు గారిలా కూర్చుని రేకులు తియ్యవచ్చని ప్రకటించారు. అమ్మ ఆయన మాట కాదనలేక కుండని పైకెక్కించి ఒక పూట ప్రయత్నించింది. రేకు తర్వాత రేకు చిరిగింది. ఆ కుండ మీద ఆవిడ చెయ్యి తిరిగింది నేలమీద కూర్చున్న ఎత్తులోనే. భుజం ఎక్కడ ఆగాలో, మణికట్టు ఎప్పుడు వంగాలో అన్నీ ఆ ఎత్తుకి అలవాటుపడ్డాయి. మధ్యాహ్నానికి కుండ మళ్ళీ నేల మీది పొయ్యికి దిగిపోయింది.

"చూశారుగా. అత్తయ్యగారి కుండ నేల వదిలి రానంటోంది," అంది అమ్మ, గెలిచినట్టు.

"కుండ కాదే రానంటోంది, నువ్వు," అన్నారు నాన్న.

ఇటుకలు పీకేస్తాను పీకేస్తాను అంటూనే ఆయన ఆ అరుగు అలాగే ఉంచేశారు. బద్ధకం అనుకున్నాం. దాని మీద నేను నా పుస్తకాలు పెట్టుకునేదాన్ని.

ఆ తర్వాత నాన్న వావిలాకు మీద పడ్డారు. తోట నుంచి వస్తూ కాలవ గట్టున వావిలాకు కోసుకొచ్చేవారు. సాయంత్రం అమ్మ స్నానం చేసి రాగానే, ఆకులకి ఆముదం రాసి, మూకుట్లో వెచ్చచేసి, మోకాళ్ళకి వేసి, పాత పంచె చింపిన గుడ్డతో కట్టు కట్టేవారు. ఇల్లంతా ఒకటే ఘాటు వాసన. ఆ వాసనకి అలవాటు పడేదాకా నాకు అన్నం సహించేది కాదు.

"ఈ సేవ ఏ దేవుడికి చేసినా ఈపాటికి ప్రత్యక్షమయ్యేవాడు," అనేవారు నాన్న, ముడి వేస్తూ.

"ఆ దేవుడు మీకు పులుసు పెట్టి వడ్డిస్తాడేంటి?" అనేది అమ్మ.

వావిలాకు బాగానే పనిచేసేది. రాత్రి నిద్ర పట్టేది. కానీ పొద్దున్నే మళ్ళీ అదే పీట, అదే మడత, మధ్యాహ్నానికి అదే నొప్పి. కట్టు కట్టేవారు కడుతూనే ఉన్నారు, మోకాళ్ళు మాత్రం నెల నెలకీ ఇంకా బిగుసుకుపోతున్నాయి. ఒకరోజు అమ్మ నా భుజం పట్టుకుని కూడా లేవలేకపోయింది. నాన్న వచ్చేదాకా పీట మీదే కూర్చుండిపోయి, ఏమీ జరగనట్టు నాతో కబుర్లు చెప్పింది. నాన్న వచ్చి లేపారు.

అది జరిగిన కొన్నాళ్ళకి ఒక సాయంత్రం, అమ్మ స్నానానికి వెళ్ళింది. పెళ్ళివాళ్ళ రేకుల కోసం ఆ రోజు పని సాయంత్రం దాకా సాగింది, పొయ్యి అప్పుడే ఆర్పారు, కుండ ఇంకా వేడిగానే ఉంది. నేను వసారాలోకి వచ్చేసరికి నాన్న ఆముదం రాసిన వావిలాకులు నాయనమ్మ కుండ వీపు మీద పరిచి, చేత్తో అదుముతూ కనబడ్డారు. తడి చెయ్యే వెయ్యకూడని కుండ అది.

"మళ్ళీ మూకుడెందుకు, ఇది వేడిగానే ఉందిగా," అన్నారు, నా వైపు చూడకుండా.

మర్నాడు పొద్దున్న అమ్మ మొదటి రేకు ఒలిచి ముక్కు దగ్గర పెట్టుకుంది. రెండోది తీసింది. మూడోది తియ్యలేదు. విషయం తెలిశాక ఆవిడ అరవలేదు, ఏడవలేదు. చల్లారిన కుండ మీద అరచెయ్యి వేసి కూర్చుంది. నాన్న గుమ్మం దగ్గర తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డారు. తర్వాత ఇద్దరూ కలిసి ఆ వాసన పోగొట్టాలని తంటాలు పడ్డారు. పిండి రుద్దారు, గంటల తరబడి మంట పెట్టారు. ఆముదం తాగిన మట్టి, ఎక్కడ వదులుతుంది?

ఆ సాయంత్రానికే నాన్న సైకిల్ మీద కొత్త కుండ తెచ్చారు. కొత్త కుండంటే మళ్ళీ మొదటి నుంచీ మొదలు. రోజూ సెగ పెట్టాలి, పూత పూయాలి, రేకులు చిరుగుతుంటే పారెయ్యాలి. చెయ్యి దానికి అలవాటు పడాలి, అది చేతికి అలవాటు పడాలి.

"ఎలాగూ మొదట్నుంచీ నేర్చుకోవాలిగా. ఆ నేర్చుకునేదేదో అరుగు మీదే నేర్చుకో," అన్నారు నాన్న నెమ్మదిగా.

అమ్మ ఆయనకేసి చూసింది. "నీ పుస్తకాలు తియ్యవే," అంది నాతో.

మొదటి రోజుల్లో చిరిగిన రేకులన్నీ మేమే బెల్లంతో తిన్నాం. నాన్న తోటకి కూడా అవే కట్టుకెళ్ళారు. కొత్త కుండ మీద చెయ్యి కుదిరేసరికి కొంతకాలం పట్టింది. ఆ తర్వాత ఇంక అమ్మ వెనక్కి చూడలేదు. స్టూలు మీద నిటారుగా కూర్చుని, కాళ్ళు కిందికి చాపి రేకులు తీసేది. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ పని అయ్యాక, దేవుళ్ళెవర్నీ పిలవకుండా, నా భుజం అడక్కుండా తనంతట తనే లేచేది. ఆవిడ అలా లేవడం చూసిన మొదటిసారి నేను లోపలికెళ్ళి ఏడ్చాను. నాయనమ్మ కుండ మాత్రం నేల మీది పొయ్యి మీదే ఉండిపోయింది. రేకులకి పనికిరాదు కాబట్టి, సాయంత్రం వావిలాకు వెచ్చచెయ్యడానికి నాన్నకి పనికొచ్చింది.

నాకు పెళ్ళయి భీమవరం వెళ్ళాక, ఒకసారి సెలవులకి వచ్చినప్పుడు, నాన్న యథాప్రకారం ఆ కుండ మీద ఆకు కాచి, అమ్మ మోకాలికి వేసి, కట్టుగుడ్డ కోసం లోపలికి వెళ్ళారు. ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్న మాట అమ్మని అడిగాను.

"అమ్మా, కుండ మీద ఆకు పెడితే పాడైపోతుందని నాన్నకి నిజంగా తెలీదంటావా?"

"ఆ కుండ పక్కన పారాడిన మనిషాయన. తడి చెయ్యి వేసినందుకు మీ నాయనమ్మ చేత దెబ్బలు కూడా తిన్నారట. ఆయనకి తెలీకపోవడం ఏంటి?"

"అంటే నీకు అప్పుడే తెలుసా?"

"సాయంత్రానికే కొత్త కుండ వచ్చిందిగా. ముందుగా చెప్పి చేయించుకోకపోతే అలాంటి కుండ ఎవరిస్తారే?"

"మరి ఆయన్ని అడగలేదే?"

అమ్మ మోకాలి మీద ఆకు సర్దుకుంది. "అడిగితే ఒప్పేసుకుంటారు. ఒప్పుకుంటే నేను తిట్టాలి. నా మోకాళ్ళ కోసం వాళ్ళమ్మ కుండ పాడుచేసుకున్న మనిషిని ఏమని తిట్టను?"

ఇంతలో నాన్న గుడ్డపీలిక పట్టుకుని వచ్చారు. "ఏంటి, తల్లీకూతుళ్ళ గుసగుసలు?"

"ఏం లేదండీ. ఈ ఆకు చల్లారిపోయింది, ఇంకోటి వెయ్యండి," అంది అమ్మ.

నాన్న మళ్ళీ కుండ దగ్గరికి వెళ్ళి, గొంతుక్కూర్చున్నారు. నేను అమ్మ మోకాలి మీద చెయ్యి వేసి చూశాను. ఆకు ఇంకా వేడిగానే ఉంది.