చేపలిచ్చిన అత్త

పోయిన సోమవారం ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. మా పక్కింటి అత్త పోయిందట. పొద్దున్నే హార్బర్ నుంచి వచ్చి, తట్ట దించి, టీ తాగుతూ గోడకు జారగిలబడింది. గ్లాసు ఖాళీ అయింది గానీ మనిషి లేవలేదు. ఫోన్ పెట్టేసే ముందు అమ్మ, నువ్వు బాగానే ఉన్నావా అని అడిగింది. పోయింది అత్త, అమ్మ భయం నా గురించి. నిజం చెప్పాలంటే నాకూ అదే భయం పట్టుకుంది. ఆవిడ లేకుండా నేను నిలబడగలనా అని.

ఆ భయం ఎందుకో చెప్పాలి. చెప్పడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు. ఆరేళ్ల కిందట నా మనసుకు జబ్బు చేసింది. గదిలో ఎవరూ లేకపోయినా నన్ను తిడుతున్నట్టు మాటలు వినిపించేవి. ఆసుపత్రిలో నెల రోజులు ఉండి ఇంటికొచ్చాను. మందులతో మాటలు తగ్గాయి, వాటితో పాటు నేనూ తగ్గిపోయాను. కుడి చెయ్యి వణికేది కాబట్టి లేతు పని లేదు. వీధి గుమ్మంలో కూర్చుని ఎదురు గోడ చూడటమే నా ఉద్యోగం. పలకరించాల్సి వస్తుందని జనం మా వైపు నుంచి కాకుండా అవతలి వైపు నుంచి నడిచి వెళ్లేవారు.

అత్త ఒక్కతే నేరుగా వచ్చేది. పిల్లనిచ్చిన అత్త కాదులెండి. మాది విజయనగరం వైపు సేద్యం చేసుకునే కుటుంబం, నాన్న పని కోసం విశాఖ వచ్చి స్థిరపడ్డాం. ఆవిడది సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. వరస కలిపింది ఆవిడే. ఒకరోజు తట్ట నా పక్కన దించి, ఆ మాటలు ఇంకా వినిపిస్తున్నాయా అని అడిగింది. అప్పటిదాకా డాక్టరు తప్ప ఆ సంగతి ఎవరూ అడగలేదు. అప్పుడప్పుడు అన్నాను.

"ఏటంటన్నారు ఆల్లు?"

నేను దేనికీ పనికిరానంటున్నారని చెప్పాను.

"రోజంతా నీ సెవిలో కూసుని ఇదే సెప్తన్నారా? ఆల్లకి వేరే పని నేదేటి?"

ఎన్ని నెలల తర్వాతో నాకు నవ్వొచ్చింది. మర్నాడు ఉదయం తట్ట మొయ్యడానికి మనిషి కావాలంటూ నన్ను హార్బర్‌కు లాక్కుపోయింది. మాత్ర వేసుకున్నాడా అని అమ్మను అడిగి మరీ బయల్దేరదీసింది.

వారం రోజులు అక్కడ ఊరికే నిలబడ్డాను. బోట్ల నుంచి దించిన చేపలు కుప్పలు పోస్తారు, చుట్టూ ఆడవాళ్లు మూగుతారు, ఒకాయన వేలం పాట మొదలుపెడతాడు. అక్కడి పాటలో నోరు తెరిచి చెప్పేవాళ్లు తక్కువ. చెయ్యి ఒకసారి ఎత్తితే ఒక మెట్టు పెంచినట్టు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఎనిమిదో రోజు కానాగంత చేపల కుప్ప దగ్గర ఎండ కళ్లల్లో పడుతుంటే కుడి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. చెయ్యి దాని అలవాటు ప్రకారం వణుకుతోంది. అత్త ఒక మెట్టు పెంచింది. పాటాయన నా వైపు చూసి ఇంకో మెట్టు పెంచాడు. అత్త పట్టుదలగా మళ్లీ పెంచింది. నా చెయ్యి ఊరుకుంటేనా?

తనతో పోటీకి దిగిన ఆ మొండిఘటం ఎవరో చూద్దామని అత్త జనాన్ని తోసుకుంటూ వచ్చేసరికి పాట నా మీద దిగిపోయింది. తప్పయిపోయింది, వెనక్కి తీసుకోమంటూ పాటాయనను బతిమాలబోయాను. అత్త నన్ను చూసింది, చేతిని చూసింది, తడి నేల మీదే చతికిలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లూ నవ్వారు. వింతేమిటంటే ఆ నవ్వుల్లో నాకు ఎగతాళి వినిపించలేదు.

"పాట దిగీసింది అల్లుడూ. కొన్నోడే అమ్మాల. లెగు, ఎండెక్కిపోతంది."

అమ్మాను. నన్ను తప్పించుకు తిరిగిన వీధుల్లోనే అమ్మాను. కేక వేయడానికి నోరు పెగలకపోతే ఆ కేకలు అత్త వేసింది. తాజావేనా అని అడిగినవాళ్లకు మాట రాకపోతే మొప్ప ఎత్తి చూపించమంది. మూడో వీధికి వచ్చేసరికి, పొద్దుటి బోటువే అని నా గొంతుతో నేనే అన్నాను. మధ్యాహ్నానికి తట్టలో నాలుగు చేపలు మిగిలితే అమ్మ పులుసు పెట్టింది. ఆ రోజు నేను రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాను. అమ్మ వంటింట్లోకి వెళ్లి ముక్కు చీదుకోవడం వినపడింది.

ఆ ఒక్కరోజుతో జబ్బు నయమైందని చెబితే అబద్ధమే. బాగైపోయానని నాకు నేనే తీర్మానించుకుని ఒకసారి మందులు మానేశాను. పదిహేను రోజుల్లో నిద్ర దూరమైంది, మాటలు మళ్లీ వచ్చాయి. మొదట కనిపెట్టింది అత్తే. కడిగిన చేపనే మళ్లీ మళ్లీ కడుగుతున్నానట. తట్టతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లింది. మా బెంచీ మీద ఇంకెవరూ కూర్చోలేదు, చోటు బాగా దొరికిందని సంతోషించింది. లోపల డాక్టరును ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, ఈ మాత్రలకు నెత్తళ్ల పులుసు పథ్యమా కాదా అని. నిక్షేపంగా తినొచ్చని డాక్టరమ్మ నవ్వింది. తిరిగి వస్తూ ఆటోలో నేను తల దించుకుని కూర్చుంటే అత్త మోచేత్తో పొడిచింది.

"పడవ తిరగబడినోడు ఈత మర్సిపోడు. కాసేపు బయపడతాడంతే."

మందు మార్చాక చేతి వణుకు చాలావరకు తగ్గింది. పాత షెడ్డులోనే మళ్లీ లేతు పనికి చేరాను. ఆదివారాలు మాత్రం అత్త తట్ట నాదే. నా సంపాదన చూసి కాదు, మొప్ప ఎత్తే పద్ధతి చూసి పిల్లనిస్తారని ఏడిపించేది.

సోమవారం దహనం అయ్యాక రెండు రాత్రులు నాకు కన్ను మూతపడలేదు. మూడో రోజు ఎవరూ చెప్పకుండానే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఇది జబ్బు కాదు దుఃఖమని, కొన్నాళ్లు ఉంటుందని, మందు మాత్రం మానొద్దని చెప్పింది. ఆ రాత్రి కాస్త ఏడ్చి నిద్రపోయాను.

ఆదివారం వచ్చింది. అత్త వాడుక ఇళ్లకు కబురు ఎవరు చెప్తారు? నేనే వెళ్లాను. ఆవిడ ఆదివారాలు తిరిగే కాలనీలో చేపలు కావలసినవాళ్లు ఎనిమిదింటికల్లా ప్రహరీ గోడ మీద గిన్నె పెట్టి ఉంచుతారు. ఏ గిన్నె ఎవరిదో, ఎవరికి తలకాయ కావాలో ఆవిడకు తెలుసు. ఆ రోజూ గిన్నెలు పెట్టే ఉన్నాయి. ఒక్కో గుమ్మం దగ్గరా ఆగి చెప్పాను. ఒకావిడ, బేరమాడినందుకు అత్త తనతో నెల రోజులు మాట్లాడలేదని చెప్పి పకపకా నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేనూ నవ్వాను.

చివరి ఇల్లు రిటైరైన టీచరమ్మది. వినగానే గేటు పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చింది. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. నొప్పి లేకుండా పోయిందండీ, టీ తాగుతూ పోయిందండీ అని చెప్పాను. ఇంకొకరిని ఊరడించడం నాకు చేతనవుతుందని ఆ గేటు దగ్గరే తెలిసింది. లేవడానికి ఆసరాగా ఆవిడ గోడ మీద చెయ్యి వేయబోతే గిన్నె పడిపోకుండా తీసి పట్టుకున్నాను. అందులో అత్తకు ఇవ్వడానికి కోసి ఉంచిన కరివేపాకు రెబ్బలు, ఇంకా నీళ్లు ఓడుతూ ఉన్నాయి.