చొక్కా మీద సూపు

ఆ డాక్టరుగారికి ఉన్న జబ్బు ఒక్కటే: ఆయన ఎత్తిన స్పూను నోటిదాకా పోదు, దారిలోనే చొక్కా మీద దిగిపోతుంది. ఆస్పత్రి మొత్తం ఆయన్ని చొక్కా డాక్టరనే పిలిచేది. ఆ చొక్కా చూసి వాచ్‌మన్ ఆ పూట వంటేమిటో ఠక్కున చెప్పేసేవాడు.

మడత నలగని తెల్ల యూనిఫారం వేసుకునే నర్సమ్మకు ఇది ప్రాణసంకటంగా ఉండేది.

"మెడకు తువ్వాలు కట్టమంటారా సార్?"

"కట్టమ్మా. దాన్ని తప్పించుకుని పక్కన పడుతుంది."

ఆయన పరిశోధన మాత్రం ఆషామాషీది కాదు. తిండి చూస్తేనే హడలిపోయే రోగులకు ఆ భయం వదలడానికి ఒక పాత యాంటీబయాటిక్ సాయపడుతుందా అని. సగంమందికి అసలు బిళ్ల, సగంమందికి ఉత్తుత్తి బిళ్ల. ఎవరికేది వెళ్ళిందో డాక్టరుకూ తెలియదు, నర్సమ్మకూ తెలియదు. బిళ్ల వేసుకున్న రోగి ఆయనతోపాటు ఎదురుగా కూర్చుని భోంచేయాలి. ఏళ్ల తరబడి ఆయన ఆశలన్నీ దానిమీదే.

తీరా చూస్తే అసలు బిళ్లవాళ్ళూ తిన్నారు, ఉత్తుత్తి బిళ్లవాళ్ళూ సుబ్బరంగా తిన్నారు.

"అందరూ తింటే ఇక మందు గొప్పేమిటో ఎలా తెలుస్తుందయ్యా? అసలు ఆ గదిలో ఏం జరుగుతోంది?" అంది పెద్ద డాక్టరమ్మ.

"భోజనాలండీ."

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో నర్సమ్మ కళ్ళారా చూసింది. మూలన ఒంటరిగా కూర్చున్న చొక్కా డాక్టరు, అంచుదాకా ఉన్న సూపు గిన్నెను చుక్క ఒలకకుండా ఖాళీ చేశాడు.

"అంతా నటనేనా సార్?"

దొరికిపోయిన దొంగలా నవ్వాడు. "మొదటిసారి నిజంగానే పడిందమ్మా. అప్పటిదాకా స్పూను పట్టుకుని వణికిపోతున్న ఒక పొడుగమ్మాయి ఫక్కున నవ్వి, ఆ నవ్వులోనే మింగేసింది. ఇంకో స్పూను తింటుందేమోనని మళ్ళీ పోసుకున్నా."

"పరిశోధన పాడవుతుందని తెలీదా?"

"తెలుసు. ఎదురుగా ఆకలితో ఉన్న పిల్ల కూర్చుంటే గుర్తు రాలేదు."

నర్సమ్మ తిడదామని నోరు తెరిచింది. తిట్టకుండానే ఆయన ఖాళీ గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

పరిశోధన మళ్ళీ మొదలైంది. ఈసారి చొక్కా డాక్టరు భోజనాల గదిలోకి రాకూడదని పెద్ద డాక్టరమ్మ ఆజ్ఞ. ఒంటిమీద మచ్చ పడనివ్వని మనిషి కావాలని ఏరికోరి నర్సమ్మను కూర్చోబెట్టింది.

మొదటి రోజే ఒక లెక్చరరు సూపును పామును చూసినట్టు చూస్తూ బిగుసుకుపోయాడు. నర్సమ్మ నిబంధనలన్నీ గుర్తు తెచ్చుకుంది. అతను ముట్టుకోని స్పూను చూసింది. తన గిన్నె ఎత్తి, కాలరు నుంచి నడుము దాకా ఒంపేసుకుంది.

తలుపు అద్దం అవతల డాక్టరు నెత్తి కొట్టుకున్నాడు. లోపల లెక్చరరు నవ్వాపుకోలేక స్పూను నోట్లో పెట్టుకున్నాడు.

ఆమె బయటికి రాగానే డాక్టరు తన జేబురుమాలు అందించాడు.

"మొదటిసారి కదమ్మా, బాగానే చేశావు. కాస్త ఎక్కువైంది."