సొరపాదు కింద వాలుగలు

నేను చదివింది మూడో తరగతి వరకే. ఒక వానకాలమంతా మా ఇంట్లో కిరాయికున్న అతని చదువుకు మాత్రం అంతు లేదు. సముద్రంలో ఏ చేప ఏ చేపను తిని బతుకుతుంది, గోదారిలో నీళ్ళు తగ్గితే సముద్రపు చేపకు ఏమవుతుంది, ఇదీ అతని చదువు. అప్పటికి నాకు యాభై నిండలేదు. అయినా వచ్చిన రోజే నన్ను మామ్మను చేశాడు.

"సముద్రం చేపల కోసం గీ అడివి అంచుకు ఎందుకొచ్చినవ్ బిడ్డా?" అని అడిగాను.

"పొలస గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఏరు ఎదురెక్కి వస్తుందండి మామ్మగారూ. ఎంత దూరం వస్తోందో చూడాలి."

కింద ఆనకట్ట కట్టినప్పటి నుంచి ఆ చేప ఇటు రావడం లేదని మా అత్త పొయ్యి దగ్గర కూర్చునే చెప్పేది. అతనికి ఆ సంగతి తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. ఈలోగా ఊరికే ఉండలేక, మా గోదారిలో ఉన్న చేపల్నే కొలుస్తానన్నాడు.

మా వాడకట్టు చివర చేపలు పట్టేవాళ్ళ ఇల్లు ఉండేది. ఆయన వల వేస్తే ఆమె బుట్ట మోసేది. వారానికి రెండు పొద్దులు, ఒక వలలో పడ్డవన్నీ చిన్నా పెద్దా ఏరకుండా మా ఇంట్లో ఇచ్చిపోవాలని ఏర్పాటు. ఆ రోజుల్లో అతను పడవ మీద పై ఊళ్ళకు పోయేవాడు. చేపల్ని కుళ్ళకుండా ఉంచే మందునీళ్ళ సీసాల్లో వేసి తేదీ కాగితం అంటించే పని నాకు అప్పజెప్పాడు. అన్నీ వేయమన్నాడు. చెప్పలేదని నేననను.

మొదటి రోజే మోచేతి పొడవు వాలుగ వచ్చింది. సీసా మూతి చూస్తే నా పిడికిలంత. ఆ మందునీళ్ళలో పడ్డ చేపను కుక్క కూడా ముట్టదు. అయినా అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు నలుపుతాం గానీ కుండంతా నలుపుతామా? చిన్నవి సీసాలో వేశాను. పెద్దది పులుసులో వేశాను. ఆ వానకాలమంతా అదే పద్ధతి.

పడవ దిగి వచ్చి, పీట మీద కూర్చుని, కంచం ఊడ్చేవాడు.

"నదిలో పెద్ద చేపలు కనబడడం లేదండి మామ్మగారూ. చాలా బాధగా ఉంది," అనేవాడు ముల్లు తీసుకుంటూ. "ఇంకో ముక్క వేస్తారా?"

ఆ చేపలు నేను కొనుక్కొచ్చాననుకున్నాడట. నాలుగు నెలలు మా ఇంట్లో ఉండి కూడా, నేను చేప కొనే మనిషిననుకున్నాడు!

వానలు వెనకపట్టాక ఒకనాడు మధ్యాహ్నం, అన్నం తింటూ, గడపలో కూర్చున్న చేపలామెతో చెప్పాడు. ఈ రేవులో రెండు వానకాలాలు వల వేయనివ్వొద్దని రిపోర్టు రాస్తున్నాడట.

ఆమె చేతిలో బుట్ట జారింది. "రెండు వానకాలాలు వల ఎండేసుకొని ఏం జేయాలె సారూ? గోదారి నీళ్ళు తాగి పండుకోవాల్నా?"

"చేపలు ఎదగకముందే పట్టేస్తున్నారమ్మా. సీసాలు చూడు. ఒక్కటైనా జానెడు ఉందా?"

ఆమె లేచి సీసాలన్నీ చూసింది. తర్వాత నన్ను చూసింది.

"పెద్దమ్మా, పొద్దుగాల నేను దెచ్చిన వాలుగ ఏది?"

నేను అతని కంచం వైపు చూశాను. తోక ముక్క అతని చేతిలోనే ఉంది.

"అవ్, గదే," అన్నాను. "తిని మాట్లాడు బిడ్డా. చల్లారితే నీసు వాసనొస్తది."

అతను తినలేదు. ముక్కను కంచంలో పెట్టి, "ఇన్నాళ్ళూ ఇదేనా?" అన్నాడు.

"నువ్వే గద ఇంకో ముక్క అడిగినవ్."

"ఆధారం లేకుండా రిపోర్టు ఎలా మార్చనండి? పెద్ద చేపలున్నాయి, నేను తిన్నాను అని రాయనా?"

చేపలామె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తప్పు నాది, వల ఆమెది. నేను అంతటితో ఊరుకుంటే ఉన్న కాస్త మర్యాదైనా నాకు మిగిలేది, ఆమె పొయ్యి ఆరేది.

"ముండ్లు పనికొస్తయా?" అన్నాను.

మా ఇంట్లో ఏదీ పారేయను. ముళ్ళన్నీ కొట్టం పక్కన సొరపాదు మొదట్లో, కుక్కలు తవ్వకుండా ఏ పూటవి ఆ పూట వేరే గుంట తీసి పాతేదాన్ని. ఆ బలానికే తీగ కొట్టం కప్పంతా అల్లుకుని విరగ కాస్తుండేది. అంత చదువుకున్నవాడు మూడు రోజులు నా గునపంతో ఆ పాదు తవ్వాడు. వెన్నుముళ్ళు ఏరి, నా చేటలో కడిగి, కొలిచి రాసుకున్నాడు. చేపలామె పక్కనే కూర్చుని, "గిది పెద్ద వానప్పుడు పడ్డది సారూ, గిది మా ఆయనకు జరమొచ్చిన నాటిది," అని ఒక్కొక్కదాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పింది.

రిపోర్టులో వల మాట కొట్టేశాడు. పొలస రాకపోవడానికి ఆనకట్టే కారణమని మాత్రం రాశాడు. కానీ ఆ ఆనకట్టను రెండు వానకాలాలు తెరిచిపెట్టమని రాయలేదు. బీదవాడి వలనైతే ఎన్ని వానకాలాలైనా ఆపమని రాయొచ్చు.

ఊరు విడిచి పోయేలోపు వచ్చిన బుట్టల్లోని చేపలన్నీ గడపలోనే తనే కొలుచుకున్నాడు. కొలిచాక పెద్దదాన్ని నా చేతికిచ్చి, "పులుసండి," అనేవాడు.

వేళ్ళు తెగిన సొరపాదు వారానికల్లా వడలిపోయింది. పిందెలన్నీ రాలాయి. ఆ నష్టం ఏ రిపోర్టులోనూ ఎక్కలేదు. అదే బాధ పడుతుంటే, చేపలామె గుడ్డలో మూటగట్టిన సొరగింజలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఇగో పెద్దమ్మా, ఇత్తులు. ఈసారి ముండ్లు పాదుకాడ పాతకు. మళ్ళ ఎవరొచ్చి తవ్వుతరో ఏమో."