వాన సెలవు, ఆటో ఫిట్‌నెస్

పెద్దేముల్ నుంచి తాండూరుకు బడిపిల్లల్ని ఆటోలో చేరవేసే ఇమాముద్దీన్‌కు వాన మీద కోపం లేదు. కోపమంతా వాన సెలవు మీదే. ఆ రోజైతే మరీను. పదకొండు గంటలకు వికారాబాద్ రవాణా ఆఫీసులో ఆటో ఫిట్‌నెస్ చూసి కాగితమిస్తారు. ఆ కాగితం లేకపోతే సోమవారం నుంచి గేటు దగ్గరికి రావద్దని బడివాళ్లు తేల్చేశారు. పిల్లల్ని దించి అటే పోవాలని అతని లెక్క. నాకూ వికారాబాద్‌లో పని ఉండి పక్కన ఇరుక్కున్నాను.

సగం దారిలో అతని ఫోన్‌కు బడి నుంచి మెసేజ్ వచ్చింది. భారీ వర్షం, బడికి సెలవు. పైకి చదవడం నా తప్పు. వెనక లేచిన కేకకు ఆటో ఊగింది.

"ఒర్రకుండ్రి! మీకేం, మస్తుగ పండుకుంటరు."

బండి వెనక్కి తిప్పాడు. ఆలస్యంగా చెప్పింది బడి, తిట్లు తిన్నది ఇతను. "జర ముందుగాల చెప్పరాదా?" అని ఒకావిడ టిఫిన్ డబ్బాతో సహా బిడ్డను లోపలికి లాక్కుంది. సెలవిచ్చేవాళ్లకు పిల్లలుంటారని గుర్తే, పిల్లల తల్లులకు పనులుంటాయని గుర్తుండదు.

చివరికి ఇద్దరు పిల్లలు మిగిలారు. వాళ్ల తల్లి నాగరాణి ఇంటికి తాళం. పక్కింటికీ తాళమే. ఆమె ఏడింటి బస్సుకే తాండూరులో బండల పాలిషింగ్ పనికి పోయింది. ఇమాముద్దీన్ ఫోన్ చేశాడు.

"గిప్పుడెట్లొస్తనన్నా? ఇంకో నాగా అయితే రావద్దన్నడు సేటు. నీ తాననే ఉంచుకో."

"నాకు వికారాబాద్‌ల పనుందమ్మా!"

"తోల్కపో. పిల్లలు ఊరు చూస్తరు."

అలా ఆమె బిడ్డ ప్రియదర్శిని, ఆ పిల్ల తమ్ముడు సాత్విక్ మాతోనే వచ్చారు. తొమ్మిదిన్నరకే మధ్యాహ్నం డబ్బా ఖాళీ చేశారు. "రేపు గూడ సెలవిస్తరా అంకుల్?" కోట్‌పల్లి దాటేదాకా ఇదే ప్రశ్న.

"ఇంకోసారి అడిగితే చెరువు కాడ దించేస్త."

"నిజంగనా?" అని సంబరపడింది పిల్ల.

ఆఫీసులో బ్రేకు, లైట్లు, హారన్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సంతకం పెట్టబోతూ ఆఫీసరు పిల్లవైపు చూసి నవ్వాడు.

"మీ అంకుల్ మంచిగ నడుపుతడా?"

"మంచిగ నడుపుతడు సార్. రోజు గీ సీట్ల నడుమ చెక్క ఏస్తడు, నలుగురం దాని మీద కూసుంటం. ఇయ్యాల చెక్క ఇంట్ల దాచిండు. మొత్తం పదకొండు మందిమి."

"పన్నెండు," అన్నాడు సాత్విక్. "నన్ను లెక్కవెట్టలే. నేను ముందట గదా."

ఆఫీసరు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. అంతమందిని ఎక్కించనని రాసిచ్చి వచ్చే గురువారం రమ్మన్నాడు.

ఇమాముద్దీన్ పిల్లల్ని ఒక్క మాట అనలేదు. అంటే ఏమనాలి? అబద్ధం చెప్పలేదనా? తిరిగి వస్తుంటే నాగరాణి ఫోన్.

"పిల్లలు తిన్నరా అన్నా?"

"డబ్బా తిన్నరు, నా కాగితం గూడ తిన్నరు. సోమవారం సంది నా ఆటో బడికి రాదు. నువ్వే దించుకో."

అవతల యంత్రాల రొద మీద ఆమె గొంతు పెంచింది.

"గట్లంటే ఎట్లన్నా? నా బస్సు ఏడింటికి, బడి తొమ్మిదింటికి. నడిమిట్ల ఎవరు చూస్తరు?"